గాలి తిరిగిన పూట

మా ఆయన ఎడ్విన్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. జీతం ఆ పనికే ఇస్తున్నారు గానీ ఆయన మనసంతా ఆకాశం మీదే ఉంటుంది. నందిగామలో మా డాబా మీద తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో ఒక థర్మామీటరు, దాని పక్కన వాన కొలిచే డబ్బా, పొడవాటి గొట్టం చివర గాలి ఎటునుంచి వస్తోందో చూపించే రేకు బాణం ఉన్నాయి. పొద్దున్నే కాఫీ కంటే ముందు పైకెక్కి వాటి క్షేమసమాచారాలు కనుక్కుని వస్తాడు. నా క్షేమసమాచారం ఏనాడూ అంత శ్రద్ధగా అడిగిన పాపాన పోలేదు. ఆ తర్వాత ఫోన్లో ఉపగ్రహాల బొమ్మలు చూసి, తన వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు పెడతాడు. చుట్టుపక్కల కల్లాల్లో మిర్చి ఆరబోసుకున్న రైతులు ఆ నాలుగు ముక్కలు చదివాకే కాయల మీద పట్టాలు తీస్తారు. ఆయన వానొస్తుందంటే వచ్చేది, రాదంటే రాకుండా పోయేది. బజారుకి వెళ్తే "మాస్టారు గారి తాలూకు" అని కూరగాయల వాళ్ళు కొత్తిమీర ఊరికే వేసేవాళ్ళు. నాకూ బాగానే ఉండేది, లేదనను.

మా క్రైస్తవుల పెళ్ళిళ్ళకి ముహూర్తాలుండవు. వర్జ్యం, రాహుకాలం మాకు పట్టవని కాస్త గొప్పగానే చెప్పుకుంటాం. అయితే పిల్లలకి సెలవులు, టీచర్లకి తీరిక, పొలాల్లో పని లేకపోవడం అన్నీ మే నెలలోనే కుదురుతాయి కాబట్టి పెళ్ళిళ్ళన్నీ ఆ మంటల్లోనే. అందుకని కొన్నేళ్ళుగా క్రిస్మస్ వెళ్ళగానే మా చర్చివాళ్ళు ఒక్కొక్కరే మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. "మాస్టారూ, మే నెల్లో ఏ వారం కొంచెం తెరిపిగా ఉంటదండీ" అని అడిగి, ఆయన చెప్పిన వారంలోనే చర్చి ఖాయం చేసుకునేవాళ్ళు. "ఒక పంచాంగం కొనిపెట్టనా, జంధ్యం కూడా తెప్పించనా" అని నేను ఏడిపిస్తే ఆయన నవ్వేవాడు. "అది నమ్మకం గ్రేసీ, ఇది సైన్సు" అనేవాడు.

ఆ సైన్సు ఏమిటో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఈ ఏడాది సముద్రాలు ఎలా ఉన్నాయి, పైన గాలులు ఎటు నడుస్తున్నాయి అని చూస్తాడు. వెనకటి సంవత్సరాల్లో అచ్చం ఇలాగే ఉన్న ఏడాదిని వెతికి పట్టుకుంటాడు. ఆ ఏడాది ఎండలు ఎలా నడిచాయో ఈ ఏడాదీ అలాగే నడుస్తాయంటాడు. చాలాసార్లు నడిచాయి కూడా. ఆ ధీమాతోనే పోయిన చలికాలంలో తన సొంత అక్క దేవమణి వచ్చి, కొడుకు స్టీవెన్ పెళ్ళికి వారం చెప్పమంటే, ఆయన ఒక్క గంటలో తేల్చేశాడు.

"ఇది ఎల్‌నినో ఏడాది అక్కా. పసిఫిక్ సముద్రం వేడెక్కి కూర్చుంది. పోయినసారి పెద్ద ఎల్‌నినో వచ్చినప్పుడు మే మూడో వారం దాకా కాల్చేసి, ఆ తర్వాత సముద్రం గాలి తిరిగి మబ్బేసింది. నాలుగో వారం గురువారం పెట్టుకో" అన్నాడు.

దేవమణి వదిన మారుమాట లేకుండా తలూపింది. ఆమెది నందిగామకి దగ్గర్లోని కీసర. కొడుకు చిన్నప్పుడే భర్త పోయాడు. మిరప కోతలకి వెళ్ళి స్టీవెన్‌ని పెంచింది. అంతకుముందు అదే కోతల కూలితో తమ్ముణ్ణి బి.ఇడి. దాకా చదివించింది. ఆ తమ్ముడు ఇప్పుడు ఆకాశాన్ని చదువుతున్నాడంటే ఆమెకి ఎంత గర్వమో. చేలో పక్క సాలు ఆడవాళ్ళు "ఎండ ఎప్పుడు తగ్గుద్దే" అంటే, "ఉండండి, మా తమ్ముణ్ణి అడిగి చెప్తా" అనేది. ఎండని తానే సర్ది పంపించగలిగినట్టు.

మే నెల వచ్చింది. అంత ఎండ నేను ఎరగను. వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి కిటికీ రెక్కలు తెరిస్తే మొహం మీద చాచి కొట్టినట్టుండేది. మధ్యాహ్నం పూట హైవే మీద లారీలు తప్ప మనిషి కనిపించేవాడు కాదు. ట్యాంకు నీళ్ళతో పొద్దెక్కాక చెయ్యి కడుక్కోవడానికి లేదు. రాత్రిళ్ళు కూడా గోడలు వేడిని వదిలేవి కావు. ఎడ్విన్ మాత్రం హుషారుగా ఉన్నాడు. అనుకున్నదంతా అనుకున్నట్టే జరుగుతోంది మరి.

"పైన ఎత్తులో అధిక పీడనం వచ్చి కూర్చుంది గ్రేసీ. గిన్నె మీద మూత పెట్టినట్టు. గాలి పైనుంచి కిందకి దిగుతూ నలిగి వేడెక్కుద్ది. మబ్బు పట్టనివ్వదు. నేలలో తడి లేదు కాబట్టి ఎండంతా నేలని కాల్చడానికే సరిపోతుంది. ఆ మూత బుధ, గురువారాల్లో జరుగుద్ది. చూస్తా ఉండు" అన్నాడు అన్నం తింటూ.

అప్పటికి మా అమ్మాయి జాయిస్ సెలవులకి వచ్చింది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతోంది. తండ్రి పోలికే, మాట పడదు.

"మూత సంగతి సరే డాడీ. కింద మంట పెంచారు కదా, అది లెక్కలో వేశావా" అంది.

"ఏం మంట?"

జాయిస్ పెరటి గుమ్మం వైపు చూపించింది. ఆ గుమ్మం మా ఇంట్లో అందరికీ శత్రువు. వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగేది. వాన నీళ్ళు ఇంట్లోకి రాకుండా మేమూ లోపల నేల ఎత్తు పెంచుకుంటూ వచ్చాం. గుమ్మం మాత్రం మా మామగారు నిలబెట్టినచోటే ఉంది. పెళ్ళయిన కొత్తలో దాని కింద నుంచి దర్జాగా నడిచిన ఎడ్విన్ ఇప్పుడు రోజుకొకసారైనా తల కొట్టుకుంటాడు.

"నువ్వు ఎత్తు పెరిగావా డాడీ? పెరగలా. నేల పెరిగింది. నీ ఎల్‌నినో అయినా, నీ అధిక పీడనం అయినా అంతే. అవి ఎప్పుడూ వచ్చేవే, పోయేవే. కానీ బొగ్గు, పెట్రోలు కాల్చి కాల్చి గాల్లో కార్బన్ డయాక్సైడ్ నింపేశాం. భూమి వేడి పైకి పోకుండా ఆగిపోతోంది. అవి నిలబడే నేల పైకి జరిగింది. సముద్రం కూడా వేడెక్కింది. ఆ పాత ఏడాది కొలత తెచ్చి ఈ ఏడాదికి పెడితే తల తగులుద్ది."

ఎడ్విన్ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడు ప్రతిదానికీ ఇదొక పాట అయిపోయింది. మా తాతల కాలంలో వడదెబ్బలు లేవా? మొత్తం ప్రకృతే చేసుద్ది. మనమేదో చేశామని మనకి ఒక గొప్ప."

"మొత్తం ప్రకృతి కాదు, మొత్తం మనమూ కాదు. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కినయ్యి అంటున్నా."

"జాయిస్, ఇక చాలు. నలుగురు వచ్చిపోయే ఇల్లు" అన్నాను నేను. నిజంగానే అప్పుడు వరండాలో ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడు అయ్యింది. జాయిస్ తండ్రిని ఎదిరించడం బయటివాళ్ళకి వినపడకూడదని నా తాపత్రయం. అదేదో వినపడినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

వచ్చినాయన వరప్రసాదరావు గారు, పెళ్ళికూతురి తండ్రి. జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు నడుపుతాడు. రుమాలు తడిపి నెత్తిన వేసుకుని వచ్చాడు. ఫోన్ తీసి ప్రభుత్వం వాళ్ళు పంపిన హెచ్చరిక చూపించాడు. గురువారం కూడా వడగాడ్పులు, బయట తిరగొద్దు అని ఉంది.

"బావగారూ, నాకొక ఆలోచన వచ్చిందండీ. మనకి ముహూర్తాలు లేవు గదా. పదకొండింటికి కాకుండా పొద్దున ఆరింటికే పెళ్ళి చేసేద్దాం. ఎండెక్కే వేళకి అందరూ తిని ఇళ్ళకి చేరతారు. పాస్టరు గారు కూడా సరేనన్నారు. మీరొక్క మాట అంటే చాలు" అన్నాడు.

అంతకంటే తెలివైన మాట ఆ నెలలో నేను వినలేదు. కానీ ఎడ్విన్ మొహం చిన్నబోయింది. గురువారం మధ్యాహ్నానికి గాలి తిరుగుతుందని ఆ పొద్దునే గ్రూపులో పెట్టి ఉన్నాడు. మేనల్లుడి పెళ్ళే ఎండకి భయపడి ఆరింటికి జరుపుకుంటే ఆ మెసేజీకి విలువేముంది?

"వాళ్ళది జిల్లా మొత్తానికి ఇచ్చే హెచ్చరికండీ. నాది మన ఊరి లెక్క. గురువారం పన్నెండు, ఒంటిగంట మధ్య సముద్రం గాలి వస్తుంది. చర్చిలో కంటే షామియానా కిందే చల్లగా ఉంటది. జగ్గయ్యపేట నుంచి మీ వాళ్ళు ఆరింటికి రావాలంటే మూడింటికి లేవాలి, ముసలీ ముతకా ఉన్నారు" అన్నాడు. అంతా వాళ్ళ మంచికోసమే అన్నట్టు చెప్పాడు. వరప్రసాదరావు గారు కాసేపు నసిగి, "మీకు తెలీంది ఏముందిలెండి" అని లేచాడు.

బుధవారం సాయంత్రం దేవమణి వదిన జాకెట్టు కోసం వచ్చింది. నేను ఇంట్లో మిషను కుడతాను. పెళ్ళికొడుకు తల్లి అని పట్టు జాకెట్టుకి మందపాటి లైనింగ్ వేసి, మోచేతుల దాకా చేతులు పెట్టాను. దాన్ని ఒంటికి ఆనించుకుని అద్దంలో చూసుకుని సిగ్గుపడింది. నేను కుండలో నీళ్ళు ముంచి ఇస్తే గ్లాసు పట్టుకుని ఎడ్విన్ దగ్గరికి వెళ్ళింది. ఆయన సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు.

మా వైపు కొన్ని కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళినాడు పెళ్ళికొడుకు తల్లి తెల్లవారుజాము నుంచి ఉపవాస ప్రార్థనలో ఉంటుంది. కొత్త జంట ముందు విస్తరి వేసి, పాస్టరు గారు ప్రార్థన చేసి, వాళ్ళు మొదటి ముద్ద తినేదాకా ఆమె పచ్చి మంచినీళ్ళయినా ముట్టదు. వదిన వాళ్ళ అత్తగారు అలాగే ఉంది. వదిన కూడా స్టీవెన్ కడుపున పడ్డప్పటి నుంచీ ఆ రోజు కోసం మొక్కుకుని ఉంది.

"తమ్ముడూ, రెండ్రోజుల నుంచి గుండెలో దడగా ఉంటందిరా. ఎండ నాకేం కొత్త కాదు గానీ, ఈ ఎండ వేరేగా ఉంది. రేపు కూడా ఇట్టాగే ఉండేటట్టయితే నీళ్ళు తాగుతా ఉపవాసం ఉందామా అనుకుంటన్నా. దేవుడేమీ అనుకోడులే. నువ్వు తాగమంటే తాగుతా" అంది.

నేను జాకెట్టుకి హుక్కులు కుడుతూ వింటున్నాను. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఫోన్ నుంచి తల కూడా ఎత్తలేదు.

"అవసరం లేదక్కా. ఒక్క పూటేగా. మధ్యాహ్నానికి చల్లబడుద్దని ఊరంతటికీ చెప్పా. నువ్వే నమ్మకపోతే ఇంక ఊళ్ళో వాళ్ళేం నమ్ముతారు?" అని నవ్వాడు.

వదిన కూడా నవ్వింది. "అంతేలే" అంది. ఆ గ్లాసులో నీళ్ళు మాత్రం తాగేసి వెళ్ళింది. నేను హుక్కులు కుట్టుకుంటూ ఊరుకున్నాను. అక్కాతమ్ముళ్ళ మధ్య నాకెందుకులే అనుకున్నాను.

గురువారం పదకొండింటికి పెళ్ళి మొదలైంది. చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ అవి వేడిని అటూ ఇటూ తోస్తున్నాయంతే. స్టీవెన్ కోటూ టైలో ఎర్రగా కందిపోయాడు. పాస్టరు గారు బైబిల్లోని కానా ఊరి పెళ్ళి విందు గురించి, ద్రాక్షారసం అయిపోతే ప్రభువు నీళ్ళని ద్రాక్షారసం చేయడం గురించి చెబుతుంటే నాకు నీళ్ళే గుర్తొచ్చాయి. ప్రమాణాలయ్యి ఉంగరాలు మార్చుకునేసరికి పన్నెండున్నర. ఆ పైన ఫొటోలు. అటు చుట్టాలు, ఇటు చుట్టాలు, స్కూలు టీచర్లు, కోతల ముఠా ఆడవాళ్ళు అందరూ వరసగా నిలబడ్డారు. భోజనాలు పక్కనే షామియానా కింద. వదిన ఆ షామియానా గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకల్లా చేతులు జోడించి "వందనాలండీ, తినందే పోవద్దు" అంటోంది. పట్టుచీర, నేను కుట్టిన మందపాటి జాకెట్టు. కొత్త జంట ఇంకా ఫొటోల దగ్గరే ఉంది, విస్తరి ముందుకి రాలేదు.

ఒంటిగంట దాటిన కాసేపటికి షామియానా అంచులు ఒక్కసారి అటునుంచి ఇటు తిరిగాయి. పడమటి గాలి ఆగిపోయి తూర్పు నుంచి మెల్లగా కొట్టడం మొదలైంది. ఎడ్విన్ విస్తరి ముందు నుంచి లేచి బయటికి వచ్చాడు. చెయ్యెత్తి చూసుకున్నాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేను మా పెళ్ళప్పుడు కూడా చూడలేదు.

"గ్రేసీ, గాలి తిరిగింది. చూశావా, తిరిగింది. బావగారూ, చెప్పానా లేదా" అని పంక్తుల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరికీ చెప్పాడు.

గాలి తిరిగిన మాట నిజమే. చల్లబడలేదు. ఆకాశంలో వెతికినా మబ్బు ముక్క లేదు. అదే ఎండ, దాని మీద ఇప్పుడు సముద్రపు తేమ. ఇందాకటి దాకా పట్టిన చెమట పట్టినట్టు ఆరిపోయేది, ఇప్పుడు ఒంటి మీదే నిలిచిపోయింది. ఊపిరి తీస్తే అన్నం గంజి వార్చే గిన్నె మీద మొహం పెట్టినట్టుంది. జనం విస్తళ్ళ ముందు నుంచి లేచి పోతున్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. ఎడ్విన్ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని ఫోన్ తీశాడు. ఏం రాస్తున్నాడో నాకు చూడకుండానే తెలుసు.

అప్పుడు వదిన గొంతు వినిపించింది. "కాయలెత్తండే, మబ్బేసింది. పట్టాలు తీసుకురండి, కాయలు తడిసిపోతాయి" అని అరుస్తోంది. ముఠా ఆడవాళ్ళు ఆమె హాస్యమాడుతోందనుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె వంగి, నేల మీద లేని మిరపకాయల్ని చేతుల్తో దగ్గరికి ఎత్తుతూ అలాగే ముందుకి పడిపోయింది. నేను పరిగెత్తి పట్టుకుంటే ఒళ్ళు పెనంలా ఉంది. చెమట లేదు.

నందిగామ ఆసుపత్రిలో ఐసు పెట్టి, అక్కడి నుంచి విజయవాడ తీసుకెళ్ళమన్నారు. స్టీవెన్ పెళ్ళి కోటుతోనే అంబులెన్సు ఎక్కాడు. పెళ్ళికూతురు మెట్టెలు కూడా పెట్టుకోని కాళ్ళతో వెనక కారులో వచ్చింది. డాక్టరు గారు ఆ సాయంత్రం బయటికి వచ్చి, వడదెబ్బ మెదడు దాకా వెళ్ళిందన్నాడు. "నీళ్ళు ఏమాత్రం తాగలేదా ఈవిడ? పొద్దుటి నుంచీ అడపాదడపా తాగుతూ ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు.

వరండాలో చుట్టాలందరూ ఎండ గురించి మాట్లాడుకున్నారు. ఒకాయన ఇదంతా ఫ్యాక్టరీల పొగ అన్నాడు. ఇంకొకాయన కాదు, ఈ ఏడు కాలమే అలాంటిదన్నాడు. ఎడ్విన్ ఆ రెండో ఆయన వైపు ఆశగా చూశాడు. "ఎల్‌నినో అండీ. ప్రకృతి. ఎవరేం చేస్తారు" అన్నాడు. నా పక్కన జాయిస్ మొహం చేతుల్లో పెట్టుకుంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఎల్‌నినో తేవడం మా ఆయన చేతిలో లేదు. గాల్లో పొగ నిండటం ఆయన ఒక్కడి పని కాదు. కానీ ఆ గ్లాసు మా ఇంటి గ్లాసు.

వదిన బతికింది. కానీ నడిస్తే గోడ పట్టుకోవాలి, మాట ముద్దగా వస్తుంది. చెంచా నోటి దాకా తెచ్చుకునేసరికి చెయ్యి వణుకుతుంది. బుధవారం నుంచి ఆసుపత్రిలో కళ్ళు తెరిచేదాకా ఏదీ గుర్తులేదు. కొడుకు పెళ్ళి ఆమె ఫోన్లో చూసింది. వీడియోలో తనని తాను చూసుకుని "జాకెట్టు బాగా కుదిరింది గ్రేసీ" అంది.

స్టీవెన్ భయం తీరాక కోపంలో పడ్డాడు. మంచం పక్కన కూర్చుని, "ఎవరు చెప్పారమ్మా నీళ్ళు తాగొద్దని? మొక్కు మొక్కు అని ప్రాణం మీదకి తెచ్చుకుంటావా? నీకు బుద్ధుందా" అన్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకునే అన్నాడు. వదిన దుప్పటి అంచు నలుపుతూ, "నాకే బుద్ధి లేదు నాయనా" అంది. మంచం కాళ్ళ దగ్గర ఎడ్విన్ బత్తాయి రసం గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన వైపే చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక, "నా గాలి తప్పలేదు గ్రేసీ, అదే పూట తిరిగింది" అన్నాడు, నేను అవునంటే తను గట్టెక్కుతాడన్నట్టు. ఆ తర్వాత కొన్నాళ్ళు డాబా మీదే గడిపాడు. పాత ఏడాది అంకెలు, ఈ ఏడాది అంకెలు పక్కపక్కన పెట్టుకుని జాయిస్‌ని పిలిచి చూపించాడు. గాలులు తూచినట్టు ఒకటే. పీడనం ఒకటే. రాత్రి వేడి పెరిగింది, పగటి వేడి పెరిగింది, సముద్రం వేడి పెరిగింది. "తల తగిలింది" అన్నాడు. గ్రూపులో రైతులు మెసేజీ కోసం అడుగుతూనే ఉన్నారు, ఆయన పెట్టడం మానేశాడు.

తొలకరి పడ్డాక కీసరలో వదిన ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టారు. గండం గడిచినందుకు అందరూ చేరి ప్రార్థన చేసి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యాలు చెప్పి, భోంచేసి వెళ్ళడం మాలో మామూలే. చర్చివాళ్ళూ, ముఠా ఆడవాళ్ళూ, జగ్గయ్యపేట వియ్యాలవారూ వచ్చారు. పాట అయ్యాక వదిన లేచింది. కొత్త కోడలు పట్టుకోబోతే వద్దని, కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"దేవుడు నన్ను బతికించాడు, స్తోత్రం" అంది ముద్ద మాటలతో. ఒక్కొక్క మాటా వెతుక్కుంటోంది. "కానీ నేను మీ అందర్నీ క్షమాపణ అడగాలి. ఆరోజు నా మూర్ఖత్వం వల్ల వచ్చినవాళ్ళు తినకుండా పోయారు. నా కొడుకు పెళ్ళి పాడయ్యింది. మా వియ్యంకులకి తలవంపులయ్యింది. బుద్ధి లేక నీళ్ళు తాగలా. నన్ను క్షమించండి."

వరప్రసాదరావు గారు "అయ్యో, అట్టా అనకండమ్మా" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా పక్కన చాప మీద కూర్చున్న ఎడ్విన్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

"అక్క తప్పు కాదండీ" అన్నాడు. "గాలి తిరుగుద్దన్నాను, తిరిగింది. కింద వేడి పెరిగిపోయిందని మా అమ్మాయి చెప్పింది, నేను వినలా. ఆ గాలీ, ఆ వేడీ కలిశాయి, అవి నా చేతిలో లేవు. ఒకటి ఉంది నా చేతిలో. ముందురోజు అక్క మా ఇంటికొచ్చి నీళ్ళు తాగుతా ఉపవాసం ఉండనా అని నన్ను అడిగింది. నేనే అవసరం లేదన్నాను. తాగితే నా మాట మీద నమ్మకం లేదనుకుంటారని."

వదిన నుదురు ముడిచి ఆయన్ని చూసింది. కష్టపడి గుర్తు చేసుకోబోయింది.

"నేనెప్పుడు అడిగానురా? నేనేం అడగలా" అంది. తర్వాత ఆమె మొహం మెత్తబడిపోయింది. జనం వైపు తిరిగి, "చూశారా, నా మీద మాట పడకుండా వాడి నెత్తిన వేసుకుంటన్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, నేనంటే ప్రాణం" అంది.

జనంలో ఊపిరి వదిలిన చప్పుడయ్యింది. "తమ్ముడంటే అట్టా ఉండాల" అంది ఒకావిడ. పాస్టరు గారు "ప్రేమ అనేక పాపములను కప్పును" అని అందుకున్నాడు. కొందరు ఆమెన్ అన్నారు. స్టీవెన్ వచ్చి మేనమామ భుజం మీద చెయ్యి వేశాడు. ఎడ్విన్ తల అడ్డంగా ఊపాడు. "లేదు, నిజమే" అన్నాడు గానీ అది ఎవరికీ వినపడలేదు, వినపడినా ఇంకా మంచితనం అనుకునేవాళ్ళు. అంత సిగ్గుపడ్డ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఉన్న తప్పు ఒప్పుకోవడానికి లేచి, లేని మంచితనం నెత్తిన పెట్టించుకుని నిలబడ్డాడు.

నేను కూర్చుని ఉంటే సరిపోయేది. ఆ మర్యాద ఆయనకి ఉండిపోయేది, నాకూ అందులో వాటా ఉండేది. అలా కూర్చోవాలని నాకు ఎంత అనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. లేచాను.

"వదినా, ఆయన నీ కోసం చెప్పడం లేదు. నువ్వు అడిగావు. నేనక్కడే హుక్కులు కుట్టుకుంటా ఉన్నా. నేనూ విని ఊరుకున్నా."

ఆమె కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. "నిజంగా అడిగానా గ్రేసీ?"

"అడిగావు. గుండెలో దడగా ఉందన్నావు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అడిగావు."

వదిన తన చేతుల వంక చూసుకుంది. ఆమె తమ్ముణ్ణి తిడుతుందనుకున్నాను, లేకపోతే క్షమించానంటుందనుకున్నాను. ఆయనకేసి అసలు చూడలేదు. నెల రోజులుగా ఒంగిపోయి ఉన్న మెడ మెల్లగా ఎత్తి, కొడుకు వైపు తిరిగింది.

"విన్నావా స్టీవెనూ, అమ్మ అడిగిందంట" అంది. "అమ్మకి బుద్ధుందిరా."

స్టీవెన్ మేనమామ భుజం మీద నుంచి చెయ్యి తీసేసి తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆమెని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. నేనూ కూర్చున్నాను. ఎడ్విన్ ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.